పాయింట్ టూ టూనా, త్రీ టూనా? రివాల్వర్ కొనే ముందు మా ఇంట్లో వేసుకున్న లెక్క

మా బావగారికి, అంటే మా అక్క భర్తకి, పోయిన నెల రివాల్వర్ లైసెన్సు వచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. లైసెన్సు కోసం తిరిగినన్నాళ్లూ ఏ తుపాకీ కొనాలన్న ఆలోచనే రాలేదట, కాగితం చేతికొచ్చాక టెన్షన్ మొదలైంది. "ఏరా, అందరూ త్రీ టూ అంటున్నారు, షాపతను టూ టూ తేలిగ్గా ఉంటుందంటున్నాడు, నువ్వేమంటావు?" అని రాత్రి పదింటికి ఫోను. అదే వారం డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యా, ఇక్కడ .22 రివాల్వర్లు చవగ్గా దొరుకుతున్నాయి, మిగతావన్నీ మండిపోతున్నాయి, తీసుకోనా?" అని. టూ టూ అంటే .22, త్రీ టూ అంటే .32, తుపాకీ గొట్టం వ్యాసం అంగుళాల్లో సుమారుగా, దాన్నే క్యాలిబర్ అంటారు. ఇద్దరిదీ చూడ్డానికి ఒకే ప్రశ్న. జవాబులు మాత్రం వేరు. ఇద్దరికీ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తున్నాను, ఇదే అయోమయంలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని.

నేను తుపాకుల వ్యాపారిని కాదు, పోలీసుని కాదు. మా నాన్నగారి .32 రివాల్వర్ వారసత్వంగా నా పేరు మీదకి వచ్చింది, పద్నాలుగేళ్లుగా నా దగ్గరుంది, ఏడాదికి నాలుగైదుసార్లు షూటింగ్ రేంజికి వెళ్తాను, అక్కడ స్నేహితుల .22లు కూడా పేల్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నెలకో రెండు నెలలకో ఒకసారైనా రేంజికి వెళ్లి పేల్చే ఉద్దేశం ఉంటే .22 గురించి గట్టిగా ఆలోచించండి. కొని బీరువాలో పెట్టడానికైతే .22 వద్దు, .32 కూడా వద్దు.

అసలు ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో ముందు చూడాలి. చాలామంది సైజు తేడా అనుకుంటారు, అసలు తేడా తూటా అడుగున ఉంది. .32 తూటాని తిరగేసి చూస్తే అడుగున నడిమధ్యలో చిన్న గుండ్రటి బిళ్ల కనపడుతుంది, అదే ప్రైమర్. సుత్తి అక్కడ కొడితే మందు అంటుకుంటుంది. .22 తూటాని తిరగేస్తే బిళ్ల ఉండదు, అడుగు నున్నగా ఉంటుంది. పేలుడు మందు ఆ ఇత్తడి రేకు అంచు మడతలో పూసి ఉంటుంది, సుత్తి ఆ అంచుని నొక్కితే పేలుతుంది. అంచు మీద కొట్టేది కాబట్టి రిమ్‌ఫైర్, మధ్యలో కొట్టేది సెంటర్‌ఫైర్. పేలిన .22 గుల్లని, అంటే గుండు పోయాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని, చేతిలోకి తీసుకుని చూడండి, అంచు మీద గోటితో నొక్కినట్టు చిన్న గాటు పడి ఉంటుంది. ఆ గాటు లోతుగా ఉంటే తుపాకీ స్ప్రింగు బాగున్నట్టు, పైపైన గీసినట్టుంటే స్ప్రింగు బలహీనపడుతున్నట్టు. వాడినది కొనేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇది నిన్నమొన్నటి సంగతేం కాదు. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్లు 1857లో తెచ్చిన మొదటి రివాల్వరే .22 రిమ్‌ఫైర్. ఇప్పుడు ప్రపంచమంతా వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, మన దేశంలో లైసెన్సు రివాల్వర్లలో ఎక్కువగా కనపడేది, 1896లో వచ్చింది. రెండూ ముసలివే, రెండూ బాగానే పనిచేస్తాయి.

అంచులో మందు పూయడం వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. తయారీలో మందు అంచు చుట్టూ సమంగా పరుచుకోకపోతే, సుత్తి తగిలిన చోట మందు లేకపోతే, టక్‌మని శబ్దం తప్ప ఏమీ కాదు. సెంటర్‌ఫైర్‌లో ఇలా జరగడం తక్కువ, రిమ్‌ఫైర్‌లో కాస్త ఎక్కువ. ఇక్కడే రివాల్వర్ మేలు. పిస్టల్ అయితే పైనుండే స్లైడు లాగి ఆ తూటాని బయటికి తీయాలి, రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తూటాలుండే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. అందుకే .22లో పిస్టలా రివాల్వరా అని అడిగితే, పోటీల్లో ఆడేవాళ్లకి తప్ప అందరికీ నేను రివాల్వరే అంటాను. అయితే రేంజిలో ప్రాక్టీసు చేస్తున్నప్పుడు పేలని తూటా వస్తే వెంటనే మళ్లీ నొక్కకండి, సిలిండర్ తెరవకండి. గొట్టం టార్గెట్ వైపే పెట్టి అర నిమిషం ఆగండి, కొన్ని ఆలస్యంగా పేలతాయి. నాకు ఒక్కసారే అయింది, కానీ ఆ ఒక్కసారి పక్కనున్న కుర్రాడు తొందరపడి సిలిండర్ తీసేలోపు వాడి మణికట్టు పట్టుకుని ఆపాను, ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ.

ఇప్పుడు చేతి సంగతి. .22 గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములు, .32ది ఆరు గ్రాముల పైన. దెబ్బలో తేడా అందుకే, చేతికి తగిలే ఎదురుతన్నులో తేడా కూడా అందుకే. మా బావగారికి కుడి మణికట్టు పాత దెబ్బ, బస్తాల రోజుల్లోది. నా .32 ఆయన చేతికిచ్చి రేంజిలో ఆరు పేల్పించాను. మొదటి రెండూ కాగితం మీద పడ్డాయి, మూడోదానికి ఆయన కళ్లు ముందే మూసుకుంటున్నారు, అయిదోది ఎటు పోయిందో తెలియదు. తర్వాత స్నేహితుడి .22 ఇచ్చాను. పదహారు పేల్చారు, పన్నెండు అరచేయంత మేరలో పడ్డాయి. ఆయన తుపాకీ వంక చూసి "ఇది నా మాట వింటోందిరా" అన్నారు. ఇద్దరు మనుషులు కారు, రెండు చేతులు కావు, అదే మనిషి, అదే మధ్యాహ్నం.

".22తో ఏమవుతుందండీ, అది బొమ్మ తుపాకీ" అని మాట్లాడేవాళ్లకి ఒకటే చెబుతాను. అది బొమ్మ కాదు, దాని గుండు మనిషి ప్రాణం తీస్తుంది, కిలోమీటరు దాటి పోతుంది, చట్టం దృష్టిలో .32 ఎంతో .22 అంత. అదే సమయంలో ఆత్మరక్షణకి రెండింటిలో ఏది బలమైనది అంటే .32 అనే చెప్పాలి, అందులో దాపరికం లేదు. కానీ ఆ బలం గురి కుదిరితేనే. గురి కుదరాలంటే పేల్చాలి, పేల్చాలంటే చెయ్యి భరించాలి, తూటా దొరకాలి.

తూటా మాట ఎత్తాను కాబట్టి నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన పోయాక రివాల్వర్‌తో పాటు తోలు బెల్టు ఒకటి దొరికింది, దాని చిన్న చిన్న గదుల్లో పన్నెండు తూటాలు గుచ్చి ఉన్నాయి. ఎన్నేళ్లుగా ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఒకటి బయటికి లాగితే గుల్ల చుట్టూ పచ్చటి చిలుము, ఇత్తడి చెంబు తోమకుండా వదిలేస్తే పట్టేలాంటిదే, తోలు తగిలిన మేరంతా మందంగా పట్టి ఉంది. గోటితో గీకితే పొడిగా రాలింది. తోలు శుద్ధి చేయడానికి వాడే రసాయనాలు ఇత్తడిని అలా తినేస్తాయని తర్వాత తెలిసింది, పైగా మన కృష్ణా తీరం గాలిలో తేమ. లైసెన్సు అంతా నా పేరు మీదకి మారాక వాటిని వాడొద్దని షాపులో చెప్పారు, వాళ్ల సలహా ప్రకారమే వదిలించుకున్నాను. ఆ పన్నెండు తూటాలతో ఆయన ఏళ్ల తరబడి ధైర్యంగా నిద్రపోయారు, వాటిలో ఎన్ని పేలేవో దేవుడికే తెలియాలి. అందుకే చెబుతున్నాను, తూటాలు తోలు బెల్టులో కాదు, వచ్చిన డబ్బాలోనే, తేమ తగలకుండా పెట్టాలి, ఏడాదికోసారి పాతవి రేంజిలో పేల్చేసి కొత్తవి తెచ్చుకోవాలి. .22 తూటాకి తేమ భయం ఇంకాస్త ఎక్కువ, గుండు గుల్లలో పైపైనే బిగించి ఉంటుంది కాబట్టి.

ఇక ధర. అందరూ మొదట అడిగేది ఇదే.

మన దేశంలో చేతి తుపాకీ ఎందుకింత ఖరీదు అంటే, 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారుడు విదేశీ తుపాకీ దిగుమతి చేసుకునే వీల్లేదు. పేరున్న షూటర్లకి మాత్రం వేరే వెసులుబాటు ఉంది. అంటే దేశంలో అప్పటికే ఉన్న వెబ్లీలు, స్మిత్ అండ్ వెస్సన్‌లు, కోల్ట్‌లు ఎన్ని ఉన్నాయో అన్నే, కొత్తవి రావు. ఆ పాతవాటికి లక్షల్లో చెబుతారు. అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్ని వందల డాలర్లకి వచ్చే రివాల్వర్ ఇక్కడ మంచి కారు ఖరీదు పలుకుతుంది. పేరు చూసి మోజుపడి అంత పెట్టొద్దని నా సలహా. విడిభాగాలు దొరకవు, స్ప్రింగు విరిగితే దాన్ని చేతితో చేసిచ్చే మేస్త్రీ కోసం ఊళ్లు తిరగాలి.

రెండో దారి ప్రభుత్వ ఫ్యాక్టరీలది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలని 2021 అక్టోబరు 1 నుంచి ఏడు కంపెనీలుగా విడగొట్టారు, తుపాకులు చేసేది కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ కంపెనీ. వీళ్ల .32 రివాల్వర్ పాత వెబ్లీ పద్ధతిలోదే, గొట్టాన్ని కిందికి వంచితే నడుము దగ్గర విరిగినట్టు తెరుచుకుని ఖాళీ గుల్లలన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి. 2014లో మహిళల కోసమని నిర్భీక్ తెచ్చారు, .32నే, టైటానియం మిశ్రమం, అరకిలో బరువు, అప్పుడు ధర 1,22,360 రూపాయలు. రెండేళ్లకి ఇషాపూర్ ఫ్యాక్టరీ నుంచి నిడర్ వచ్చింది, .22, బరువు 250 గ్రాములే, నిర్భీక్ కంటే చాలా తక్కువ ధరకి. 2023 ఆగస్టులో ప్రబల్ వచ్చింది, మళ్లీ .32, సుమారు 700 గ్రాములు, సిలిండర్ పక్కకి తెరుచుకునే రకం. ప్రైవేటులో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతోనే ఉత్తరప్రదేశ్ హర్దోయ్ జిల్లా సండీలాలో .32 తయారవుతోంది.

ఇంతలో పన్ను. రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం చేశారు. లక్ష రూపాయల తుపాకీ అనుకుంటే ముందు లక్షా ఇరవై ఎనిమిది వేలు, ఇప్పుడు లక్షా నలభై వేలు. ఫ్యాక్టరీ ఒక్క రూపాయి పెంచకపోయినా మన జేబులోంచి పన్నెండు వేలు అదనంగా పోతాయి. అదే అసలు ధర నలభై వేలున్న తుపాకీకైతే ఆ తేడా నాలుగు వేల ఎనిమిది వందలే. పన్ను శాతంలో ఉంటుంది కాబట్టి ఖరీదైనదాని మీద భారం ఎక్కువ పడుతుంది, అందుకే ఈ మధ్య .22 గురించి అడిగేవాళ్లు పెరిగారు.

కానీ చవగ్గా ఉందని .22 కొనడం తప్పు. ఇది మా బావగారికి పది సార్లు చెప్పాను. మన దగ్గర .22 రివాల్వర్‌కి అసలు చిక్కు తుపాకీ ధర కాదు, తూటా. మీ షాపతన్ని మొదట అడగాల్సింది "తుపాకీ ఎంత?" అని కాదు, ".22 తూటాలు ఏ కంపెనీవి ఉన్నాయి, ఇప్పుడు ఎన్ని డబ్బాలున్నాయి, పోయిన ఏడాది మొత్తంలో ఎన్ని నెలలు స్టాకు లేదు?" అని. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే అక్కడ .22 కొనొద్దు. విజయవాడలో ఒకచోట నాకు తుపాకీ చూపించారు, రేటు చెప్పారు, తూటాలు మాత్రం "తెప్పిస్తామండి" అన్నారు, ఆ "తెప్పిస్తాం" ఎనిమిది నెలలు నడిచింది. ఆ ఎనిమిది నెలలూ కొన్నవాడి దగ్గరున్నది ఇనప ముక్క. .32 తూటా ఖరీదెక్కువే, కానీ లైసెన్సుదారుల్లో ఎక్కువమంది వాడేది అదే కాబట్టి దొరికే అవకాశం ఎక్కువ.

లైసెన్సు పుస్తకంలో మీకు ఒకసారి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అని రాసి ఉంటుంది. ఆ అంకె చూసుకోండి. నాన్నగారి పాత పుస్తకంలో ఏడాదికి యాభై. యాభైతో ఎవరికీ గురి కుదరదు. మీ అంకె చిన్నదైతే పెంచమని కారణాలు రాసి దరఖాస్తు పెట్టుకోవాలి, రేంజి సభ్యత్వం ఉంటే ఆ కాగితం జతచేస్తే బలం. పొలంలో కొబ్బరిబోండాల మీద పేల్చేస్తాం అనుకునేవాళ్లు ఆ ఆలోచన ఇక్కడే మానుకోండి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకి గాలిలో పేల్చినా ఆయుధ చట్టం 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన గుండు ఎవరి నెత్తినో పడాల్సిందే కదా.

వారసత్వం దారి మన వైపు చాలా ఇళ్లలో ఉంది, కొత్తది కొనే ముందు అది చూసుకోండి. తండ్రి పోయాక మాత్రమే కాదు, 2016 ఆయుధ రూల్స్ ప్రకారం లైసెన్సుదారుడికి డెబ్బై ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర పాతికేళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదకి మార్చమని అడగొచ్చు. పెద్దాయన పోయేదాకా ఆగితే తుపాకీ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, వారసులందరి సంతకాలూ తెచ్చి, నెలలు తిరగాలి. నేను అలా పదకొండు నెలలు తిరిగాను. తెలిసుంటే నాన్నగారు ఉండగానే పని పూర్తి చేసేవాళ్లం. వేరే లైసెన్సుదారుడి దగ్గర వాడినది కొంటుంటే, అమ్మేవాళ్లు అధికారులకి ముందుగా రాతపూర్వకంగా తెలపాలి, 45 రోజులు ఆగాలి. "ముందు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత చూద్దాం" అన్నాడంటే లేచి వచ్చేయండి. ఇంకా తక్కువకి వస్తుందని నాటు రివాల్వర్ వైపు చూసేవాళ్లూ ఉన్నారు. లైసెన్సు లేని తుపాకీ దొరికితే కనీసం రెండేళ్ల జైలు, అది చేతిలోనే పేలితే వేళ్లు పోతాయి.

ఒక లైసెన్సుదారుడికి రెండే తుపాకులు, 2019కి ముందు మూడు ఉండేవి. లైసెన్సు ఇప్పుడు అయిదేళ్లకి ఇస్తున్నారు. ఉన్నది రెండు చోట్లే కాబట్టి ఒకటి .22 ప్రాక్టీసుకి, ఒకటి .32 ఇంటికి అనుకోవడం మంచి ఆలోచనే, స్తోమత ఉంటే. నాకు రెండో చోటు ఖాళీగా ఉంది, స్టాకు నమ్మకం కుదిరాక .22తో నింపుతాను.

మన ఊళ్లవాళ్లు మర్చిపోయే సంగతి ఇంకొకటి. మీ లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో పుస్తకంలో ఉంటుంది. పాత రోజుల్లో రాష్ట్రమంతా చెల్లే లైసెన్సుతో గుంటూరు నుంచి హైదరాబాద్‌కి నిశ్చింతగా వెళ్లేవాళ్లు. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. హైదరాబాద్‌లో రేంజికి వెళ్దామని డిక్కీలో పెట్టుకుని బయలుదేరే ముందు ఆ గడి ఒకసారి చదవండి.

ఎన్నికలొస్తే తుపాకీని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, ఫలితాలు జూన్ 4న, ఆ మధ్యంతా నా రివాల్వర్ స్టేషన్‌లోనే. ఇచ్చే ముందు లోపలా బయటా నూనె పట్టించి, నంబరు కనపడేలా ఫోటో తీసుకుని, రసీదు మీద నంబరు సరిచూసుకుని ఇచ్చాను. ఎండాకాలం మూడు నెలలు గుడ్డలో చుట్టి ఉన్నా తుప్పు చుక్క పడలేదు. .22 కొనేవాళ్లకి శుభ్రం చేసే పని ఇంకొంచెం ఎక్కువ, ఆ గుండుకి పైన మైనం లాంటి పూత ఉంటుంది, వందదాకా పేల్చేసరికి ఆ మైనం, మసి కలిసి సిలిండర్ గదుల్లో జిగురులా పేరుకుంటాయి, ఖాళీ గుల్లలు బయటికి రానని మొండికేస్తాయి. బ్రష్షు వేసి, గుడ్డ తిప్పి, పలచగా నూనె రాస్తే చాలు. ఇంకో సంగతి, తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కి ఆడుకోకండి. రిమ్‌ఫైర్‌లో సుత్తి మొన ఖాళీ గది అంచుకి తగిలి గాటు పెడుతుంది, కొన్నాళ్లకి తూటా సరిగా దిగదు.

ఇక డల్లాస్ తమ్ముడికి చెప్పింది.

మొదట వాడినడిగింది గన్ గురించి కాదు, వీసా గురించి. "గ్రీన్ కార్డు చేతికొచ్చిందా?" అన్నాను. వచ్చింది, సరే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. కొనకపోయినా సరే, స్నేహితుడిదైనా సరే, రేంజిలో అద్దెకి తీసుకుని ఫోటో దిగినా సరే. మన పిల్లలు వీకెండ్‌లో సరదాగా వెళ్లి గన్‌తో ఫోటోలు పెడుతుంటారు, అవి చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఎన్నేళ్లో లైన్లో నిలబడి తెచ్చుకున్న హోదా ఒక్క ఫోటోతో పోతుంది. మీ పిల్లలు అక్కడుంటే ఈ ఒక్క ముక్క వాళ్లకి పంపండి.

గ్రీన్ కార్డు ఉన్నవాడికి అక్కడ .22 నిజంగా మంచి బేరం. అక్కడ కూడా ధరలు పెరిగాయి, కోల్ట్ పైథాన్ రివాల్వర్‌ని 2020లో మళ్లీ తెచ్చినప్పుడు 1,499 డాలర్లు పెట్టారు. చేతి తుపాకీ మీద 10 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఎప్పట్నుంచో ఉంది, కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి మరో 11 శాతం వేశారు, ఫ్రీమాంట్ వైపున్న మనవాళ్లకి అది తగులుతుంది, టెక్సాస్‌లో తగలదు. ఇంత పెరుగుదలలో రూగర్ వ్రాంగ్లర్ 2019లో 249 డాలర్ల ధరతో వచ్చింది, ఆరు తూటాల .22. తూటాలు కూడా పెద్ద క్యాలిబర్ల ధరలో చిన్న భాగమే, వాడి ఊళ్లో ప్రతి షాపులో దొరుకుతాయి. ఇక్కడ మా బావగారికున్న తూటా బెంగ వాడికి లేదు.

అయితే వ్రాంగ్లర్ సింగిల్ యాక్షన్, ప్రతిసారీ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాలి, తూటాలు ఒక్కొక్కటే పక్క తలుపులోంచి ఎక్కించాలి. నేర్చుకోవడానికి, నిదానంగా ఆడుకోవడానికి బాగుంటుంది. ట్రిగ్గర్ ఒక్కటే నొక్కితే పేలే డబుల్ యాక్షన్ కావాలంటే రూగర్ ఎల్‌సీఆర్ .22 ఎనిమిది తూటాలది, స్మిత్ అండ్ వెస్సన్ 617 పది తూటాలది ఉన్నాయి, వాటికి వ్రాంగ్లర్‌కి రెట్టింపు కంటే పైనే అవుతుంది. రిమ్‌ఫైర్ డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, అంచుని గట్టిగా కొట్టాలి కాబట్టి తప్పదు, కొనే ముందు నొక్కి చూడమన్నాను. పాత రూగర్ సింగిల్ సిక్స్ దొరికితే అది 1973కి ముందుదా తర్వాతదా చూడాలి. ముందువాటిలో కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు లేదు, కంపెనీ ఉచితంగా మార్చి ఇస్తుంది, మార్చేదాకా సుత్తి కింద గది ఖాళీగా ఉంచాలి. మన పాత .32లకి కూడా ఇదే జాగ్రత్త. .22 మాగ్నమ్ తూటా వేరు, .22 లాంగ్ రైఫిల్ వేరు, ఒకదానిదొకటి వాడకూడదు, పేరు ఒకేలా ఉందని పొరబడొద్దు.

చివరగా వాడికి గట్టిగా చెప్పింది: ఇండియా వచ్చేటప్పుడు రేంజి బ్యాగు తేవొద్దు. బ్యాగు మూలలో ఒక్క .22 తూటా దొర్లుతూ ఉండిపోతే గన్నవరంలోనో శంషాబాద్‌లోనో స్కానర్‌లో దొరుకుతుంది, ఆయుధ చట్టం కేసు, పెళ్లికొచ్చినవాడు స్టేషన్‌లో కూర్చుంటాడు. ఖాళీ గుల్ల జ్ఞాపకంగా తెచ్చినా జవాబు చెప్పుకోవాల్సిందే.

ఇంట్లో పిల్లలుంటే క్యాలిబర్ గురించి మాట్లాడే ముందు తాళం గురించి మాట్లాడాలి. ఇది నేను బావగారితో కాస్త కటువుగానే మాట్లాడాను. ఆయన మనవడికి ఆరేళ్లు. నిడర్ లాంటి పావుకిలో తుపాకీ ఆ పిల్లాడి చేతిలో బొమ్మలా ఇమిడిపోతుంది, తేలిక అన్న సుగుణమే అక్కడ ప్రమాదం. బీరువా చాలదు, బీరువా తాళాలు ఎక్కడుంటాయో మనిళ్లలో పిల్లలకే ముందు తెలుస్తుంది. తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండూ తాళంలో, తాళంచెవి ఆయన మొలతాడుకి.

అక్క ఈ మాటలన్నీ విని "అసలు ఎందుకురా ఇది, ఇప్పుడు యార్డులో డబ్బంతా బ్యాంకులోనేగా పడుతోంది" అంది. నిజమే, నాన్నగారి కాలంలో సంచిలో నోట్లు పెట్టుకుని రాత్రిపూట స్కూటర్ మీద లక్ష్మీపురం వచ్చేవారు, ఇప్పుడు అలా లేదు. ఆ మాటకి బావగారు రెండు రోజులు ఆలోచించారు. లైసెన్సు వదులుకోనన్నారు, కానీ భయానికి కాదు, ఆ మధ్యాహ్నం రేంజిలో పేల్చిన పదహారు తూటాలు ఆయన్ని వదల్లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పతకాలు తెచ్చింది కూడా .22తోనే అని చెబితే ఆ వీడియోలు చూస్తూ కూర్చున్నారు.

.22కే మొగ్గారు. షాపులో తూటాల స్టాకు గురించి ఆ మూడు ప్రశ్నలూ అడిగాం, ఒకచోట బిల్లు పుస్తకం తీసి చూపించారు, అక్కడే బుక్ చేశాం. తుపాకీ రావడానికి టైమ్ పడుతుందన్నారు. ఈలోపు రేంజి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టాం, ఆదివారం మేస్త్రీని పిలిచి చిన్న ఇనప లాకరుని పడగ్గది గోడలోకి నాలుగు బోల్టులతో బిగించాం, మనవడు పక్కనే నిలబడి ఇందులో ఏం పెడతారు తాతయ్యా అని అడుగుతూనే ఉన్నాడు.